ఒకవైపే కట్టిన ముడి

అమెరికా దేశమున ఫుట్‌బాల్ అనునది మన పాఠశాల మైదానములలో బాలురు కాలితో తన్ను బంతియాట కాదు. కోడిగ్రుడ్డు ఆకారము గల బంతిని చేతబట్టి, ఎదిరిపక్షమును ఛేదించుకొని పరుగిడు క్రీడ అది. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో నేడు 32 జట్లు గలవు. ఆ ఆటగాండ్ర ఒప్పందములు కోట్ల డాలర్లకు జరుగునని వినునపుడు వారి భాగ్యమునకు అబ్బురపడుట సహజము. కాని ఆ పత్రములను నిదానించి చదివినచో వేరొక సంగతి తెలియును.

ఒడంబడిక యనగా ఇరువురును కట్టుపడుట యని లోకము భావించును. ఇచ్చట అట్లు కాదు. నాలుగేండ్లకు వ్రాలు చేసిన ఆటగాడు ఆ నాలుగేండ్లును వేరొక జట్టున ఆడరాదు. జట్టు మాత్రము, అతని నైపుణ్యము చాలదని తోచినచో, నడుమనే తొలగింపవచ్చును. పత్రమున హామీగా వ్రాసిన మొత్తమే నిలుచును, తక్కినది ఆశ. అందుచేతనే తెలిసినవారు మొత్తము విలువను గాక, హామీ ఎంత, వ్రాలు చేసినందుకు లభించు బహుమాన మెంత యని చూతురు. జట్లకును ఒక హద్దు కలదు. 1994 నుండి వారి జీతముల వ్యయమునకు పరిమితి ఏర్పడినది. ఆనాడది 3 కోట్ల 46 లక్షల డాలర్లు. 2025లో 27 కోట్ల 92 లక్షలు. కావున ఒకనికి హెచ్చించుటకై మరియొకనిని తొలగించుటయు కలదు.

తొలగింపబడినవాడు వెంటనే స్వేచ్ఛ పొందునా? నాలుగు క్రీడాకాలములు నిండనివాడు పొందడు. అతని పేరు ‘వేవర్’ పట్టిక కెక్కును. వేవర్ అనగా హక్కును వదలుకొనుట. తక్కిన 31 జట్లలో ఏదైనను, సాధారణముగా ఒక దినములోగా, అతనిని కోరవచ్చును. పలు జట్లు కోరినచో బలహీనమైన దానికే ముందు వంతు: తొలి మూడు వారములు గత సంవత్సరపు ఫలితములను బట్టియు, అటుపిమ్మట ఆ యేటి ఫలితములను బట్టియు వంతు నిర్ణయింతురు. కోరిన జట్టు పాత ఒప్పందమునే స్వీకరించును. ఎవరును కోరనిచో అతడు స్వతంత్రుడు. ఆగస్టు చివర ప్రతి జట్టును 90 మందిని 53కు కుదించునపుడు వందలకొలది యువకులు టెలిఫోను మ్రోతకై ఎదురుచూతురు.

నాలుగు క్రీడాకాలములు నిండినవారు సాధారణముగా నేరుగా స్వతంత్రులగుదురు. కాని జట్ల నడుమ ఆటగాండ్రను మార్చుకొను గడువు దాటినచో, ఆ యేటికి వారును పట్టిక కెక్కవలసినదే. 2018లో కళాశాల ఆటగాండ్ర ఎంపికలో అందరికన్న ముందు నిలిచిన బేకర్ మేఫీల్డ్‌ను 2022 డిసెంబరులో కరోలైనా జట్టు విడిచెను. లాస్ ఏంజిలిస్ రామ్స్ కోరెను. జట్టు నెన్నుకొను హక్కు అతనికి లేకుండెను. 6వ తేదీన ఆ నగరము చేరిన అతడు, 8వ తేదీ రాత్రియే బరిలో దిగి, చివరి నిమిషములలో బంతిని 98 గజములు నడిపించి 17–16తో జట్టును గెలిపించెను.

బలహీనమైన జట్టుకు ముందు వంతు ఇచ్చుట న్యాయమే; ఆటలో సమబలము నిలుపుట కది అవసరము. అయినను ఆ సమబలమునకు వెల చెల్లించునది చేరి యేండ్లు గడవని యువకుడు. ఒప్పందము ముగిసిన పిదప కోరిన జట్టున చేరు హక్కును సయితము ఆటగాండ్రు 1992లో న్యాయస్థానమున గెలిచిన పిమ్మటనే, 1993లో పొందగలిగిరి. పత్రముపై వ్రాలు చేయు యువకుడు తెలిసికొనవలసిన పాఠ మొక్కటే: అందలి పెద్ద అంకెను చూచి మురియుటకు ముందు, దానిని రద్దు చేయు హక్కు ఎవరిదో చదువవలెను.