దొరికితే దొంగ... దొరక్కపోతే డీజే!

ఒకప్పుడు లండన్‌లో డ్యాన్స్ సంగీతం వినాలంటే అధికారుల కంటపడని రేడియో స్టేషన్‌ను వెతికి పట్టుకోవాలి. ఇప్పుడు ఫోన్‌లో మీట నొక్కితే చాలు, ఇరవై నాలుగ్గంటలూ అదే మోత. మరి ఆనాటి మజా ఉందా?

1980ల నాటి మాట. లండన్ క్లబ్బుల్లో సోల్, రెగె, హిప్‌హాప్, అమెరికా నుంచి అప్పుడే దిగిన హౌస్ సంగీతానికి కుర్రకారు తెల్లవార్లూ ఊగిపోయేవారు. తెల్లారాక రేడియో పెడితే మాత్రం ఆ పాటలు వినిపించడమే అరుదు. పెద్ద స్టేషన్లకు హిట్ పాటలుంటే చాలు. 'మీరు వెయ్యకపోతే మేమే వేసుకుంటాం' అనుకున్నారు కుర్రాళ్లు. లైసెన్సా? ఎవరడిగారు!

మేడ మీద పెట్టె

ఎఫ్‌ఎం తరంగాలు దాదాపు తిన్నగా ప్రయాణిస్తాయి. ఏరియల్ ఎంత ఎత్తున ఉంటే పాట అంత దూరం వెళ్తుంది. పేదల కోసం సర్కారు కట్టిన ఆకాశహర్మ్యాలు అలా దొంగ రేడియోలకు కలిసొచ్చాయి. ట్రాన్స్‌మిటర్ ఒక మేడ మీద, స్టూడియో ఇంకెక్కడో ఓ ఇరుకు గదిలో. రెండింటికీ మధ్య కంటికి కనిపించని మైక్రోవేవ్ లంకె. అధికారులు సిగ్నల్ జాడ పట్టుకుని ఆయాసపడుతూ పైకెక్కితే దొరికేది పెట్టె మాత్రమే. అది పోతే మరోటి! అయితే ఇదంతా సరదా వ్యవహారమేమీ కాదు. ఈ ప్రసారాలు అత్యవసర సేవల సిగ్నళ్లకు అడ్డుతగులుతున్నాయన్న ఫిర్యాదులూ ఉండేవి.

అలా పుట్టిందే కిస్ ఎఫ్‌ఎం. 1985లో గోర్డన్ మాక్ మొదలుపెట్టిన ఈ స్టేషన్‌లో నార్మన్ జే, జాజీ బి, ట్రెవర్ నెల్సన్ లాంటి డీజేలు తమకు నచ్చిన రికార్డులు తెచ్చి వేసేవారు. ఏ పాట వెయ్యాలో చెప్పే మేనేజరు లేడు. శ్రోతలు క్యాసెట్లలో రికార్డు చేసుకుని ఒకరికొకరు ఇచ్చుకునేవారు.

దొంగ దొర అయ్యాడు

దొంగ ప్రసారాలు మానితేనే లైసెన్సుకు అర్హులంటూ ప్రభుత్వం షరతు పెట్టింది. దాంతో 1988 చివర్లో కిస్ తనంతట తానే గొంతు నొక్కుకుంది. మొదటి ప్రయత్నంలో లైసెన్సు జాజ్ ఎఫ్‌ఎంకి దక్కింది. రెండోసారి ఫలించి 1990 సెప్టెంబరు 1న కిస్ దర్జాగా గాల్లోకి వచ్చింది. మరుసటి ఏడాదే పీట్ టాంగ్ బీబీసీ రేడియో 1లో అడుగుపెట్టాడు. శుక్రవారం సాయంత్రం అతని కార్యక్రమం మొదలైందంటే కుర్రాళ్లకు వారాంతం మొదలైనట్లే. 1993లో వచ్చిన 'ఎసెన్షియల్ మిక్స్'లో రెండు గంటలపాటు ఒకే డీజే ఆపకుండా సంగీతం కలిపేవాడు.

పెద్ద స్టేషన్లు ఇలా మారుతుంటే మేడల మీద కొత్త తరం తయారైంది. 1994లో తూర్పు లండన్ కుర్రాళ్లు రిన్స్ ఎఫ్‌ఎం పెట్టారు. గ్రైమ్ అనే కొత్త సంగీతం ఇలాంటి స్టేషన్లలోనే పెరిగింది. పాట నచ్చితే శ్రోతలు స్టూడియోకి మిస్డ్ కాల్ ఇచ్చేవారు. కాల్స్ వెల్లువెత్తాయంటే రికార్డు వెనక్కి తిప్పి మళ్లీ మొదటి నుంచి! పైసా ఖర్చులేని ఓటింగ్ అన్నమాట. ఆ దొంగ రేడియోల్లో పాడి పేరు తెచ్చుకున్న డిజీ రాస్కల్ తొలి ఆల్బమ్‌కే 2003లో మెర్క్యురీ బహుమతి కొట్టాడు. రిన్స్ వ్యవస్థాపకుల్లో ఒకడైన స్లిమ్‌జీకి మాత్రం 2005లో ఎత్తయిన భవనాల పైకప్పులెక్కకూడదంటూ ఆంక్షలొచ్చాయి. చివరికి 2010లో రిన్స్‌కీ లైసెన్సు వచ్చింది.

వెతకక్కర్లేదు... కానీ!

ఇప్పుడు కొరతే లేదు. 2020 అక్టోబరులో రేడియో 1 డ్యాన్స్, క్యాపిటల్ డ్యాన్స్ రెండూ వచ్చాయి. పాత పాటల కోసం 2013 నుంచీ కిస్టరీ ఉంది. అంటే... ఒకప్పటి తిరుగుబాటు పాటలు ఇప్పుడు 'పాత మధురాలు' అయిపోయాయి! ఇక కిస్ సంగతంటారా? చేతులు మారి, హిట్ పాటల బాట పట్టి, 2024 డిసెంబరులో లండన్ ఎఫ్‌ఎం నుంచే తప్పుకుని డిజిటల్‌కి పరిమితమైంది. అధికారులు ఎన్ని దాడులు చేసినా పూర్తిగా ఆపలేని గొంతును ఎఫ్‌ఎం నుంచి తప్పించింది వ్యాపార లెక్కలే.

లాభం లేకపోలేదు. 2011లో డాల్‌స్టన్‌లో పుట్టిన ఎన్‌టీఎస్ లాంటి ఇంటర్నెట్ రేడియోలు డీజేలకు పాత స్వేచ్ఛనే ఇస్తున్నాయి. హైదరాబాద్‌లో కూర్చుని కూడా వినొచ్చు. నిచ్చెన ఎక్కక్కర్లేదు, ఎవరికీ భయపడక్కర్లేదు.

పోయిందల్లా 'ఒకేసారి వినడం'. ఆరోజు ఆ పాట ఆ గంటలో వింటేనే విన్నట్లు. పేట మొత్తం ఒకే పాటకు తలూపేది. చేతిలో చిల్లిగవ్వ లేని కుర్రాడికి ఇరుగుపొరుగే తొలి శ్రోతలు. ఇప్పుడు అతని పాట ప్రపంచమంతటికీ అందుబాటులో ఉంటుంది. కానీ లక్షల పాటల మధ్య దాన్ని ఎవరు వింటారు? పెద్ద స్టేషన్లలో పేరొచ్చిన పాటకే పీట. పేరు రావడానికి ముందు ఎవరో ఒకరు దాన్ని వెయ్యాలిగా!

సంగీతం వినిపించడం ఎప్పుడో తేలికైపోయింది. వినేవాళ్లను ఒకచోట చేర్చడమే ఇప్పుడు అసలు కష్టం. ఆ పని చేసే రేడియో ఎక్కడుంటే, రేపటి కొత్త బీట్ అక్కడే పుడుతుంది.