ప్లగ్గు పట్టకపోతే ముందు మిషన్ రేకు చూడండి

దమ్ము చేసే రోజుల్లో కేజీవీలు విరిగితే టౌనుకు మోసుకుపోవడం కంటే, వెల్డింగ్ మిషన్, చిన్న జనరేటర్ అద్దెకు తెచ్చుకుని కళ్లం దగ్గరే అతికించుకోవడం మేలు. కానీ తీరా తెచ్చాక మిషన్ ప్లగ్గు జనరేటర్ సాకెట్‌లో పట్టదు. అప్పుడు కొందరు ప్లగ్గు కోసేసి, వైరు కొసలను సాకెట్‌లో దూర్చి అగ్గిపుల్లలతో బిగిస్తారు. ఇది ప్రాణాల మీదికి తెస్తుంది.

ఎందుకు పట్టదు?

సాకెట్ సైజు అది మోయగల కరెంటుకు గుర్తు. చిన్న మూడు పిన్నుల సాకెట్ 6 యాంపియర్లు, పెద్దది 16 యాంపియర్లు మోస్తుంది. నీలం రంగు గుండ్రటి ఇండస్ట్రియల్ సాకెట్లు 16, 32 యాంపియర్లలో ఉంటాయి. 230 వోల్టుల లెక్కన 6 యాంపియర్ల సాకెట్ 1.4 కె.వి.ఎ., 16 యాంపియర్లది 3.7 కె.వి.ఎ. మాత్రమే ఇవ్వగలదు. చిన్న సాకెట్‌తో వెల్డింగ్ జరగదు.

మిషన్‌కు ఎంత కావాలి?

మిషన్ మీది రేకు చదవండి. పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్ మిషన్లు చాలావరకు రెండు ఫేజులకు, 415 వోల్టులకు చేసినవి. అలాంటివి సింగిల్ ఫేజు జనరేటర్‌కు కలపకూడదు. సింగిల్ ఫేజు ఇన్వర్టర్ మిషన్ అయితే 2.5 మి.మీ. రాడ్డుకు 70 యాంపియర్లు పెట్టినప్పుడు సుమారు 3 కె.వి.ఎ. లాగుతుంది. 3.15 మి.మీ. రాడ్డుకు 100 యాంపియర్లు పెడితే 4 దాటుతుంది. దీనికి 5 కె.వి.ఎ. జనరేటర్, 32 యాంపియర్ల సాకెట్ ఉండాలి.

జోడింపు వైరు

మిషన్‌కు 32 యాంపియర్ల ప్లగ్గు, జనరేటర్‌కు 16 సాకెట్ ఉంటే, ఒక కొసకు 16 ప్లగ్గు, రెండో కొసకు 32 సాకెట్ బిగించిన పొట్టి వైరును ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. 2.5 చదరపు మి.మీ. మూడు పోగుల రాగి వైరు వాడాలి. జనరేటర్‌కు 16 యాంపియర్ల ఎం.సి.బి. ఉంటేనే ఇది క్షేమం. సన్నరాడ్డు వాడి కరెంటు తగ్గించుకోవాలి. ఎం.సి.బి. మాటిమాటికీ పడిపోతుంటే లోడు ఎక్కువైందని అర్థం. పెద్దది బిగించవద్దు.

జనరేటర్‌కు 32 సాకెట్, మిషన్‌కు 16 ప్లగ్గు ఉంటే మధ్యలో 16 యాంపియర్ల ఎం.సి.బి. పెట్టించాలి.

ఎర్త్ తీసేయకండి

ప్లగ్గులో లావుగా, పొడవుగా ఉండే పిన్ను ఎర్త్‌ది. అడ్డమొచ్చిందని దాన్ని కోస్తే మిషన్ బాడీకి కరెంటు వచ్చినా తెలియదు. జోడింపు వైరులో ఆకుపచ్చ పోగు రెండు కొసల్లోనూ ఎర్త్‌కే కలిసి ఉందో లేదో చూడండి. తడినేల మీద వెల్డింగ్ చేయకండి.

జనరేటర్‌ను ఆరుబయట, గడ్డివాముకు దూరంగా పెట్టండి. మిషన్ స్విచ్ ఆపి ఉంచి జనరేటర్ స్టార్ట్ చేయండి. అది నిలకడగా తిరిగాకే మిషన్ వేయండి. ఆపేటప్పుడు ముందు మిషన్, తర్వాత జనరేటర్.

ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి సరైన జోడింపు వైరు ఒకటి చేయించి పెట్టుకుంటే, అదను తప్పకుండా పని జరుగుతుంది, ప్రాణానికీ భయముండదు.