పిల్లలలో వెన్నెముక వంపు

నిటారుగా నుండవలసిన వెన్నెముక ప్రక్కకు 10 డిగ్రీలు గాని, అంతకు మించి గాని వంగి మెలిదిరుగుటను స్కోలియోసిస్ అందురు. ఇది తరచుగా 10 ఏండ్లు దాటి శీఘ్రముగా ఎదుగు పిల్లలలో, నొప్పి లేకయే బయలుపడును.

బిడ్డను పాదములు చేర్చి, మోకాళ్లు వంచక, ముందునకు వంగుమనవలెను. అపుడు వీపున ఒక ప్రక్క ఎత్తుగా తోచినను, నిలుచున్నపుడు భుజములు హెచ్చుతగ్గులుగా నున్నను ఎముకల వైద్యునికి చూపవలెను. ఎక్స్‌రే వలన వంపు కొలత తెలియును.

స్వల్పమైన వంపును వైద్యుడు కనిపెట్టుచుండిన చాలును. ఎదుగు పిల్లలలో 25 మొదలు 40 డిగ్రీల వంపు ముదురకుండుటకు ఒంటికి తొడుగు బ్రేసు తోడ్పడును. కైరోప్రాక్టిక్ పద్ధతిలో వెన్నును చేతులతో ఒత్తి సవరించుటచే వంపు సరియగునని రుజువు కాలేదు. దానినే నమ్మి ఎదుగు వయస్సును గడపిన యెడల, బ్రేసు పనిచేయు కాలము చేజారును.