కుళాయి నీళ్ళ రిజిస్టరు చూశారా?

పొద్దున్నే కుళాయి వచ్చే వేళకి బిందెలన్నీ తోమి వరసగా పెట్టుకుంటాం. మూతికి పల్చటి గుడ్డ కట్టి పట్టుకుంటాం. నీళ్ళు తేటగా ఉంటే చాలు, మంచివే అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేదాన్ని, పోయిన వర్షాకాలం మా వీధిలో నలుగురు పిల్లలకి పచ్చకామెర్లు వచ్చేదాకా. అందులో మా చిన్నవాడొకడు.

"నీళ్ళ వల్లే అయుంటుందమ్మా" అన్నారు డాక్టరుగారు. వాడు కాస్త కోలుకున్నాక ఎదురింటి వదినగారూ నేనూ మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళాం. "ప్రతి నెలా టెస్టు చేయిస్తున్నామమ్మా, నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి" అంటూ గుమాస్తా రిజిస్టరు తీసి ముందు పెట్టాడు. నిజమే, అన్ని నెలలూ 'తాగుటకు యోగ్యము' అనే ఉంది. అనవసరంగా వచ్చామేమో అనుకుంటూ లేవబోతుంటే వదినగారి కన్ను పక్క గడి మీద పడింది. శాంపిలు తీసిన చోటు రాసే గడి. పైనుంచి కింది దాకా ఒకటే మాట, 'ట్యాంకు వద్ద' అని! మా వీధి ఆ ట్యాంకుకి రెండు కిలోమీటర్ల దూరంలో, లైనుకి చిట్టచివర ఉంది.

కిటుకంతా అక్కడే ఉంది చూడండి. నీళ్ళలో కలిపిన క్లోరిన్ గొట్టాల్లో ప్రయాణం చేసేకొద్దీ తగ్గిపోతుంది. అందుకే తాగునీటికి మన దేశంలో ఉన్న ప్రమాణం, 2012 నాటి ఐ.ఎస్. 10500, లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలంటూ, దాన్ని వాడుకునేవాళ్ళ కుళాయి దగ్గరే పరీక్షించాలంటుంది. పైగా కుళాయి కట్టేశాక గొట్టాల్లో ఒత్తిడి ఉండదు. ఎక్కడ చిన్న చిల్లున్నా పక్కనున్న మురుగు లోపలికి చేరుతుంది. సన్నగా వస్తున్నాయని కుళాయికి నేరుగా మోటారు పెట్టి లాగుతామే, అప్పుడూ అంతే. (మా ఇంట్లోనూ ఉండేది లెండి, తీయించేశాం.)

రిపోర్టు చేతికొస్తే ముందు కోలిఫాం అన్న చోట చూడండి. 100 మిల్లీలీటర్ల నీళ్ళలో ఆ క్రిమి ఒక్కటి కూడా కనిపించకూడదు. నైట్రేట్ లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ఫిల్టర్లు అమ్మేవాళ్ళు టి.డి.ఎస్. మీటరు గ్లాసులో ముంచి భయపెడతారు గానీ, అది నీళ్ళలో కరిగిన లవణాలనే లెక్క కడుతుంది. క్రిములు దానికేం కనిపిస్తాయి? నీళ్ళు సలసలా మరిగాక ఒక నిమిషం ఉంచితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్, నైట్రేట్ మాత్రం ఎంత మరిగించినా పోవు.

మీ ఊళ్ళో రిజిస్టరు చూపించకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి పది రూపాయల రుసుము కడితే ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. రికార్డులు స్వయంగా చూస్తామని కూడా అడగొచ్చు. ఏ తేదీన, ఏ వీధి కుళాయిలో శాంపిలు తీశారు, క్లోరిన్ ఎంత ఉంది, బాగాలేదని తేలినప్పుడు ఏం చేశారు, మళ్ళీ ఎప్పుడు పరీక్షించారు అని విడివిడిగా రాయండి. ఉత్తినే 'నీళ్ళు బాగున్నాయా?' అంటే 'బాగున్నాయి' అనే వస్తుంది జవాబు!

మేం మూడుసార్లు తిరిగాక ఒకతను మా ఇంటికొచ్చి, కుళాయి నీళ్ళు చిన్న గొట్టంలో పట్టి మందు చుక్కలు వేశాడు. క్లోరిన్ ఉంటే పసుపురంగు రావాలిట. మా నీళ్ళు ఎలా ఉన్నవి అలాగే ఉండిపోయాయి. అతను మాట్లాడకుండా రాసుకుని వెళ్ళాడు. ఆ నెల రిజిస్టరులో మొదటిసారిగా మా వీధి పేరు ఎక్కింది. మురిక్కాలవలోంచి పోతున్న గొట్టాన్ని మారుస్తామన్నారు గానీ ఇంకా మార్చలేదు. అందాకా రాత్రి వంటయ్యాక పెద్ద గిన్నెడు నీళ్ళు పొయ్యి మీదకి ఎక్కిస్తున్నాను.