అరవై లీటర్ల సముద్రానికి చవక స్కిమ్మర్ సరిపోతుందా?

కందిపప్పు పొయ్యి మీద పెట్టి పక్కకు తిరిగితే చాలు, గిన్నె అంచు దాటి పొంగుతుంది. వట్టి నీళ్లు ఎంత మరిగినా అలా పొంగవు. తేడా అంతా నీళ్లలోకి దిగిన పదార్థంలో ఉంది. పప్పులోని మాంసకృత్తులు, సపోనిన్లు (కుంకుడుకాయకు నురగనిచ్చే జాతి పదార్థాలు) బుడగ చుట్టూ పొరలా చేరి దాన్ని తొందరగా పగలనివ్వవు. అలా నిలిచిన బుడగలు ఒకదాని మీద ఒకటి ఎక్కి తెట్టు కడతాయి. ఆ తెట్టును గరిటెతో తీసి పారబోస్తాం. ఉప్పునీటి అక్వేరియం అంచున వేలాడే ప్రోటీన్ స్కిమ్మర్ (నీటిలో కరిగిన మలినాన్ని నురగగా మార్చి బయటికి తీసే పరికరం) చేసేదీ ఇదే. పొయ్యి బదులు గాలి పంపు, గరిటె బదులు చిన్న గిన్నె.

సిద్దిపేట జిల్లా చింతమడక నుంచి సముద్రం సూటిగా కొలిచినా దాదాపు 300 కిలోమీటర్లు. తెలంగాణ తొలి ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖరరావు పుట్టిన ఊరిగా ఈ పేరు చాలామందికి తెలుసు. ఇక్కడ నీళ్లంటే చెరువు, బోరు, నల్లా. చేపలంటే రవ్వ, బొచ్చె, కొర్రమీను. ఇలాంటి ఊళ్లో ఒక ఇంటి ముందుగదిలో 60 లీటర్ల ఉప్పునీటి తొట్టి పెట్టారనుకుందాం. అందులో రెండు క్లౌన్ చేపలు, నారింజ రంగు ఒంటిమీద తెల్ల పట్టీలున్నవి. వీటిని ఇప్పుడు హేచరీల్లోనే పుట్టించి పెంచుతున్నారు కాబట్టి సముద్రంలో పట్టినవాటి కోసం వెతకనక్కర్లేదు. పగడాల జోలికి మాత్రం పోవద్దు. సముద్రపు పగడాలను మన వన్యప్రాణి సంరక్షణ చట్టం 2001 నుంచి పులితో సమానంగా కాపాడుతోంది.

ఈ తొట్టికి సముద్రాన్ని మనమే తయారు చేయాలి. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, బోరు నీళ్లలో రకరకాల లవణాలు ఉంటాయి. అందుకే ఆర్‌వో నీళ్లు తీసుకుని, అక్వేరియం కోసం అమ్మే సముద్రపు ఉప్పు లీటరుకు సుమారు 35 గ్రాముల లెక్కన కలుపుతారు. 60 లీటర్లకు 2 కిలోల 100 గ్రాములు. వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రంలో సోడియం, క్లోరైడ్‌తో పాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేట్ కూడా ఉన్నాయి.

నీళ్లు తయారయ్యాక అసలు చిక్కు మొదలవుతుంది. చేప తింటుంది, విసర్జిస్తుంది. మిగిలిన మేత కుళ్లుతుంది. ఆ కుళ్లులోంచి, చేప మొప్పల్లోంచి అమ్మోనియా వస్తుంది. అది చేపకు విషం. రాళ్ల మీద, ఇసుకలో కాపురముండే బాక్టీరియా దాన్ని మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ విషం తక్కువే గానీ, ఎక్కడికీ పోదు, పేరుకుపోతుంది. సముద్రంలో ఇదంతా కోట్ల ఘనమీటర్ల నీటిలో కలిసి పలచబడుతుంది. మన తొట్టిలో ఉన్నవి మూడు బిందెల నీళ్లు.

స్కిమ్మర్ ఈ వరుసలో మొదటి మెట్టు దగ్గరే చెయ్యి పెడుతుంది. మేతలోంచి, మలంలోంచి నీటిలో కరిగిన సేంద్రియ పదార్థాన్ని, అది అమ్మోనియాగా మారకముందే, కొంతమేర బయటికి లాగుతుంది. ఇప్పటికే ఏర్పడిన అమ్మోనియాను గానీ నైట్రేట్‌ను గానీ అది తీయలేదు. ‘స్కిమ్మర్ పెట్టాను, అయినా నైట్రేట్ తగ్గలేదు’ అని వాపోయేవారు దాని పని కాని పనిని దాన్నుంచి ఆశిస్తున్నారు.

లాగడం ఎలా జరుగుతుంది? ఈ అణువుల్లో చాలావాటికి ఒక కొస నీటిని కోరుతుంది, మరో కొస నీటికి దూరం జరుగుతుంది. నీరూ గాలీ కలిసే చోటు దొరికితే అక్కడ అతుక్కుంటాయి. కాబట్టి స్కిమ్మర్ బలం గాలి పరిమాణంలో కన్నా బుడగ సైజులో ఉంటుంది. లీటరు గాలిని 5 మిల్లీమీటర్ల బుడగలుగా చేస్తే వాటి మొత్తం ఉపరితలం 1.2 చదరపు మీటర్లు. అదే గాలిని అర మిల్లీమీటరు బుడగలుగా చేస్తే 12 చదరపు మీటర్లు. ఓ గది నేలంత. పైగా చిన్న బుడగ నెమ్మదిగా పైకి లేస్తుంది, మలినం అంటుకోవడానికి సమయం దొరుకుతుంది. ఉప్పునీటిలో బుడగలు ఒకదానిలో ఒకటి కలిసిపోవు, సన్నగానే ఉంటాయి. మంచినీటిలో అవి కలిసిపోయి పెద్దవవుతాయి. ఇంట్లో పెంచే గప్పీల తొట్టికి ఈ పరికరం పనికిరానిది ఇందుకే.

చవక రకం స్కిమ్మర్‌ను విప్పి చూస్తే పెద్దగా ఏమీ ఉండదు. నిలువుగా ఒక ప్లాస్టిక్ గొట్టం. అడుగున అగ్గిపెట్టెకన్నా చిన్న చెక్కముక్క, దానికి గాలి పంపు నుంచి సన్నని పైపు. పైన ఇరుకైన మెడ, మెడ మీద మూతగిన్నె. చెక్క నారల సందుల్లోంచి గాలి పొగమంచులా వస్తుంది. ఖరీదైన వాటిలో చెక్క ఉండదు. ముళ్ల చక్రం తిరిగే మోటారు గాలిని నీటితో కలిపి చిలుకుతుంది.

మరి ఎంత తేడా? అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ రసాయన శాస్త్రవేత్త కెన్ ఫెల్డ్‌మన్ బృందం 2009లో దీన్ని కొలిచింది. నీటిలోని సేంద్రియ కర్బనంలో స్కిమ్మర్లు తీయగలిగింది సుమారు మూడో వంతుకు మించలేదు. మోడళ్లు మారినా ఆ హద్దు పెద్దగా మారలేదు. మిగతాది బుడగకు అంటుకునే రకం కాదు. దీన్నిబట్టి చవకదీ ఖరీదైనదీ ఒకటేనని నేననను. తేడా నిలకడలో, ఒళ్లు వంచాల్సిన పనిలో ఉంటుంది. చెక్కముక్క కొన్ని వారాలకు మూసుకుపోతుంది, బుడగలు పెద్దవవుతాయి, నురగ పడిపోతుంది. కొత్త ముక్క మార్చాలి. ఆ పని గుర్తుపెట్టుకుని చేసేవారికి 60 లీటర్లకు చవకది చాలు. మరచిపోయేవారికి అది అలంకారమే.

మొదటి వారం నిరాశ తప్పదు. కొత్త ప్లాస్టిక్ మీద తయారీ నాటి జిడ్డు ఉంటుంది. పప్పు పొంగకుండా చుక్క నూనె వేస్తాం కదా, ఇక్కడా అంతే. జిడ్డు నురగను చంపుతుంది. జిడ్డు పోయి, గొట్టం లోపల సన్నని జీవపొర పట్టాక పని మొదలవుతుంది. తర్వాత కూడా నూనె అంటిన చెయ్యి తొట్టిలో పెట్టినా, కొవ్వు మేత వేసినా కొన్ని గంటలు నురగ కనిపించదు. పాడైందని విప్పేయకండి.

గొట్టంలో నీటి మట్టాన్ని మెడ మొదలు దగ్గర నిలపాలి. మట్టం పెరిగితే తడి నురగ వస్తుంది, గిన్నెలో పలచటి టీ లాంటి నీళ్లు చేరతాయి. మట్టం తగ్గితే పొడి నురగ, మెడకు అంటుకునే ముదురు గోధుమరంగు జిగట. వాసన చెప్పనక్కర్లేదు. తడి నురగలో మలినం ఎక్కువ పోతుంది గానీ ఉప్పు కూడా పోతుంది. రోజుకు 200 మిల్లీలీటర్లు పోతే 7 గ్రాముల ఉప్పు, వారానికి 49 గ్రాములు. ఆ లోటును ఆర్‌వో నీళ్లతో భర్తీ చేస్తే తొట్టి వారానికి రెండు శాతానికి పైగా చప్పబడుతుంది. ఆవిరై పోయిన నీటికి బదులు ఆర్‌వో నీళ్లు, గిన్నెలోకి పోయిన నీటికి బదులు ఉప్పునీళ్లు పోయాలి. ఎండాకాలంలో ఈ రెండు లెక్కలు కలిసిపోయి చాలామంది తప్పుతారు.

మెడను రెండు మూడు రోజులకోసారి గుడ్డతో తుడవాలి. గాలి పంపు తొట్టి నీటి మట్టం కన్నా కింద ఉంటే, కరెంటు పోయినప్పుడు పైపు గుండా నీళ్లు వెనక్కి జారి పంపులో పడతాయి. చిన్న నాన్ రిటర్న్ వాల్వ్ పెడితే సరి. ఆ పంపుకు కరెంటు కొద్దిగానే కావాలి కాబట్టి ఇన్వర్టర్‌కు కలపడం మంచిది. 30 డిగ్రీల దగ్గర మంచినీరు లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, సముద్రపు నీరు 6.2 మాత్రమే. మే నెల మధ్యాహ్నం మలినం తీయడం కన్నా ఊపిరి అందించడమే స్కిమ్మర్ చేసే పెద్ద మేలు.

ఈ యంత్రం పెద్దరూపం చూడాలంటే తీరానికి పోవాలి. విశాఖపట్నంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రంలో గ్రూపర్, పాంపనో తల్లిచేపలను తొట్లలో ఉంచి గుడ్లు పెట్టించారు. వాడిన నీటినే శుద్ధి చేసి తిరిగి వాడే అలాంటి ఏర్పాట్లలో మనిషెత్తు స్కిమ్మర్లు మామూలే. అక్కడ టన్నుల కొద్దీ నీరు మార్చడం భారం. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. వారానికి పదో వంతు మార్చాలంటే 6 లీటర్లు, 210 గ్రాముల ఉప్పు, పావుగంట పని. అది నైట్రేట్‌నూ తీసుకుపోతుంది. చేతిలో డబ్బు ఒకదానికే ఉంటే ముందు ఉప్పు, ఉప్పదనం కొలిచే సాధనం కొనమంటాను. స్కిమ్మర్ తర్వాత.

ఇంకొక్క సంగతి. స్కిమ్మర్ గది గాలిని పీల్చి నీటిలోకి పంపుతుంది. గదిలో అగరుబత్తి వెలిగించినా, తాలింపు పొగ కమ్మినా ఆ గాలే. చెరువు పక్క ఊళ్లలో పొద్దుగూకగానే గదుల్లో దోమల మందు కొడతారు. అందులో ఉండే పైరెత్రాయిడ్లు (దోమల మందుల్లో వాడే కీటకనాశనులు) మనకు పెద్దగా హాని చేయకపోవచ్చు, చేపలకు, రొయ్యలకు అతి చిన్న మోతాదే ప్రాణాంతకం. పంపును కిటికీ అవతల, వాన తగలని చోట పెట్టి పైపు మాత్రం లోపలికి తెచ్చుకోండి. తొట్టి ఉన్న గదికి దోమతెర కట్టుకోండి.