బిడియం భయమయ్యే తీరు

షాలిమార్ స్టేషను హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, హౌరా జిల్లాలో ఉన్నది. 2022 నుండి చెన్నై వెళ్లే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఇక్కడ బయలుదేరి విశాఖపట్నం, విజయవాడల మీదుగా సాగుతున్నది. తిరుగు రైలులో వచ్చి ఇక్కడ దిగిన తెలుగు విద్యార్థి బెంగాలీ రాక మౌనం వహించడం సహజమే. కాని తెలుగు మిత్రుల నడుమ కూడా నోరు విప్పలేకపోతే కారణం భాష కాదు.

బిడియం, జంకు, మొహమాటం (ఈ చివరిదానిని హిందీలోనికి తేవడం అనువాదకునికి కష్టమే) రోగాలు కావు. నలుగురూ తనను తక్కువగా ఎంచుతారన్న భయం నెలల తరబడి చదువుకూ పనికీ అడ్డుపడినప్పుడే వైద్యులు దానిని రుగ్మతగా పరిగణిస్తారు. అమెరికా మనోవైద్యుల వర్గీకరణలో దానికి ప్రత్యేక స్థానం లభించినది 1980లో.

దీనికి మూలం ఒక్కటి కాదు. కొత్తవారిని చూచి వెనుదీసే స్వభావం కొందరిలో పసితనం నుండే కనిపిస్తుందని జెరోం కాగన్ పరిశోధనలు తెలిపాయి. వంశానుగత లక్షణాలు, ఇంటిలో మితిమీరిన మందలింపు, బడిలో ఎగతాళి దానిని పెంచవచ్చును. అయితే భయాన్ని నిలబెట్టేది ముఖ్యంగా తప్పించుకొనడమే. టికెట్ల కిటికీ వద్ద తాను అడగవలసినది మిత్రునిచేత అడిగిస్తే గుండెదడ వెంటనే తగ్గుతుంది. ఆ ఉపశమనమే మరునాడూ తప్పించుకొమ్మని ప్రేరేపిస్తుంది. అడిగినా ఏమీ జరగదని తెలుసుకొనే అవకాశమే రాదు.

"ధైర్యంగా ఉండు" అన్న హితబోధ వలన ప్రయోజనం స్వల్పం. చికిత్సలో భయపెట్టే సందర్భాలను కొద్దికొద్దిగా ఎదుర్కొనజేస్తారు: మొదట రైలు వేళ అడగడం, పిదప తరగతిలో ఒక ప్రశ్న. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్‌కు 14416 సంఖ్యపై ఉచితంగా ఫోను చేసి సలహా పొందవచ్చును.