పెద్ద చెట్టు కనబడితే అనుమానించండి

అమెరికా తూర్పు అడవుల్లో ట్రెకింగ్‌కి వెళ్ళినప్పుడు ఏపుగా పెరిగిన పెద్ద చెస్ట్‌నట్ చెట్టు కనబడిందనుకోండి. సంబరపడే ముందు అనుమానపడాలి. చాలావరకు అది ఎవరో నాటిన చైనా జాతి చెట్టో, సంకరమో అయ్యుంటుంది. అక్కడి సొంత చెట్టు అమెరికన్ చెస్ట్‌నట్ మాత్రం ఎక్కువగా ఓక్ చెట్ల నీడలో, సగం ఎండిన కొమ్మలతో, పొదలా ఉంటుంది. మనం దాన్ని దాటుకుని వెళ్ళిపోతాం.

దీని వెనక పెద్ద కథే ఉంది. ఆసియా నుంచి తెచ్చిన చెస్ట్‌నట్ మొక్కలతో పాటు ఒక ఫంగస్ కూడా వచ్చింది. 1904లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో చెట్లు ఎండిపోతుంటే మొదటిసారి గమనించారు. అది బెరడు పగుళ్ళలోంచి దూరి, లోపల కాండం చుట్టూ పాకి, పై భాగాన్ని చంపేస్తుంది. సుమారు 50 ఏళ్ళలో 300 నుంచి 400 కోట్ల చెట్లు పోయాయని అంచనా. కాయలు మనుషులూ తినేవారు, ఎలుగుబంట్లూ తినేవి. కలప ఇళ్ళకీ కంచెలకీ వాడేవారు. అన్నీ ఒక్క తరంలో పోయాయి.

కానీ మట్టిలో ఉండే సూక్ష్మజీవుల వల్ల ఆ ఫంగస్ వేళ్ళ దాకా వెళ్ళలేదు. అందుకే పైన కాండం చచ్చినా మొదలు నుంచి మళ్ళీ పిలకలు వేస్తుంది. అవి కొన్నేళ్ళు పెరుగుతాయి, బెరడు పగులుతుంది, ఫంగస్ పట్టుకుంటుంది, చస్తాయి, మళ్ళీ పిలకలు. మన భాషలో చెప్పాలంటే వైల్ లూప్‌లో ఇరుక్కుపోయిన చెట్టు. చాలావాటికి పూత పూసే వయసే రాదు. అంటే ఇలాంటివి కోట్లలో బతికి ఉన్నా, విత్తనంతో కొత్త మొక్క పుట్టడం చాలా అరుదు.

మరి గుర్తుపట్టడం ఎలా? ముందు ఆకు చూడాలి. దాదాపు మామిడాకులా పొడుగ్గా, సన్నగా ఉంటుంది. అంచు మాత్రం రంపంలా ఉంటుంది. ప్రతి పక్క ఈనె ఒక పంటి దగ్గర ఆగుతుంది, ఆ పన్ను చివర కొక్కెంలా ముందుకి వంగి ఉంటుంది. ఇక్కడిదాకా చైనా చెట్టుకీ కొంచెం పోలిక ఉంటుంది. అందుకే ఆకు తిప్పి చూడాలి. చైనా ఆకు మందంగా, పైన మెరుస్తూ, అడుగున నూగుతో ఉంటుంది. అమెరికన్ ఆకు పల్చగా కాగితంలా, మెరుపు లేకుండా, అడుగున దాదాపు నున్నగా ఉంటుంది. లేత రెమ్మ చూసినా తెలుస్తుంది: అమెరికన్‌ది ఎర్రటి గోధుమరంగులో నున్నగా ఉంటుంది, మొగ్గలు మొనదేలి పక్కకి పొడుచుకొస్తాయి. చైనాది నూగుగా ఉంటుంది, మొగ్గలు గుండ్రంగా ఉంటాయి. ఒక్క గుర్తుతో తేల్చేయకూడదు, సంకర చెట్లలో ఇవన్నీ కలిసిపోతాయి. ఎంఎల్ క్లాసులో ఒక్క ఫీచర్ మీద మోడల్ కట్టొద్దని చెప్తారు కదా, అదే ఇది.

పార్కుల్లో కనిపించే హార్స్ చెస్ట్‌నట్‌కి పేరులో తప్ప వీటితో చుట్టరికం లేదు. దాని ఆకులు బూరుగాకుల్లా అయిదారు వేళ్ళుగా ఉంటాయి, గింజ విషం.

వెతకడానికి మంచి సమయం జూన్ చివర, జూలై మొదట్లో. అప్పటికి చాలా చెట్ల పూత అయిపోయి ఉంటుంది. చెస్ట్‌నట్ మాత్రం అప్పుడు తెల్లటి పొడవాటి కంకులతో పూస్తుంది, ఎదుటి కొండ మీంచి చూసినా అడవిలో తెల్లగా తెలిసిపోతుంది. నీరు నిలవని, ఆమ్ల గుణం ఉన్న మట్టి గల కొండ వాలులు దానికిష్టం. 2015లో మెయిన్ రాష్ట్రంలో 115 అడుగుల చెట్టు దొరికిందని ప్రకటించారు. అంత ఎత్తుది నిజంగా అపురూపం.

దొరికిన చెట్టుతో ఏం చేస్తారంటే, పూస్తే దాని పుప్పొడి కావాలి. చెస్ట్‌నట్ తన పుప్పొడితో తాను కాయ కట్టలేదు, దగ్గర్లో రెండోది ఉండాలి. ఒంటరి చెట్టు కింద ముళ్ళ కాయలు రాలతాయి కానీ లోపల గింజలు తాలు. 1983లో పుట్టిన అమెరికన్ చెస్ట్‌నట్ ఫౌండేషన్ ఇలాంటి చెట్లని వెతికి, రోగాన్ని తట్టుకునే సంకరాలతో కలుపుతోంది. ఒకే చోటి చెట్లు సరిపోవు, ఉత్తరాన మంచుకి అలవాటు పడినవీ దక్షిణాన ఎండకి అలవాటు పడినవీ రెండూ కావాలి. అందుకే పొదలా ఉన్న రోగిష్టి చెట్టుకీ విలువ.

ఎమ్మెస్‌కి వెళ్ళిన మన సీనియర్లు ఎవరైనా వర్జీనియాలోనో పెన్సిల్వేనియాలోనో ఉంటే ఈ వ్యాసం పంపండి. ఫోన్లో ట్రీస్నాప్ అనే యాప్‌తో ఫోటో, లొకేషన్ పంపొచ్చు. ఆకులే పోస్టులో పంపాలనుకుంటే, స్థల యజమానిని అడిగి, ఆకులతో ఉన్న జానెడు రెమ్మ కోసి, అట్టల మధ్య నొక్కి పంపాలి. ప్లాస్టిక్ కవర్లో పెడితే దారిలోనే బూజు పట్టేస్తుంది.